మూడో అంతస్తు దుప్పట్లు

జూన్ 3, బుధవారం

బొత్తాన్ని బట్టి గుర్తుపట్టాను.

సోమవారం మధ్యాహ్నం ఎమర్జెన్సీ నుంచి వచ్చిన మాసిన బట్టల మూట విప్పి వేరుచేస్తున్నాను. దుప్పట్లు ఒక పక్కకి, ఆకుపచ్చ గౌన్లు ఇంకో పక్కకి, రక్తం అంటినవి చన్నీళ్ళ తొట్టిలోకి. మూట అడుగున బూడిదరంగు చొక్కా ఒకటి తగిలింది. రోగుల సొంత బట్టలు మా దగ్గరికి రాకూడదు, సంచిలో పెట్టి ఇంటివాళ్ళకి ఇవ్వాలి. హడావుడిలో ఒక్కోసారి వచ్చేస్తుంటాయి. కత్తెరతో నిలువునా కోసేసి ఉంది. పై నుంచి మూడో బొత్తాం నల్లదారంతో కుట్టి ఉంది.

పోయిన వారం బూడిదరంగు దారం దొరక్క నేనే కుట్టాను. "బస్సు తోలేదాని బొత్తాలు ఎవరు చూస్తారే, కుట్టెయ్" అని తనే తొందరపెట్టింది.

ఎమర్జెన్సీలో అడిగితే మూడో అంతస్తుకి తీసుకెళ్ళారన్నారు. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. డిపో మలుపు దగ్గర లారీ వచ్చి గుద్దిందట. బస్సులో వాళ్ళకి దెబ్బలు తగిలాయిగాని ఎవరికీ ప్రాణం మీదికి రాలేదట, డ్రైవరు వైపే నుజ్జయిందట. తలకి ఆపరేషన్ చేసి ఐ.సి.యు.లో పెట్టారు. ఇదంతా తలుపు దగ్గర సెక్యూరిటీ ఆయన చెప్పాడు. చెప్పి, "మీరు పేషెంటుకి ఏమవుతారమ్మా?" అని అడిగాడు.

పదకొండేళ్ళు. ఒక కప్పు, ఒక మంచం, ఒకే దువ్వెన. నోరు తెరిచి "ఫ్రెండ్‌ని" అన్నాను.

ఇంటివాళ్ళనే లోపలికి పంపుతామన్నాడు. సరేనని కిందికి దిగొచ్చి మిగిలిన మూట వేరుచేశాను. చొక్కా తొట్టిలో వెయ్యలేదు. నా సంచిలో ఉంది.

ఎవరికీ చెప్పుకునేది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

జూన్ 4, గురువారం

వాళ్ళన్న వచ్చాడు. తల్లినీ వెంటబెట్టుకొచ్చాడు. బస్సులో పది గంటల దూరం.

డిపో ఫైల్లో 'ఇంటివాళ్ళ నంబరు' అన్నచోట ఉద్యోగంలో చేరినప్పుడు రాసిన అతని నంబరే ఇంకా ఉంది. మార్చమని నేను తనకి చెప్పలేదా? చెప్పాను. నాలుగేళ్ళ కింద తను మార్చబోతే, డిపోలో లేనిపోని ప్రశ్నలు వేస్తారేమో అన్నాను. అన్నానేమో, సరిగ్గా గుర్తులేదు.

గుర్తుంది. నేనే వద్దన్నాను.

అతన్ని నేను చూసింది ఒక్కసారే, ఎనిమిదేళ్ళ కింద. పైపులు, కుళాయిలు అమ్మే మనిషి. మా గుమ్మం దాకా వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "నువ్వు చచ్చిపోయావని చెప్పుకుంటాం. నువ్వూ అలాగే ఉండు" అని చెల్లెలితో అన్నాడు. అతను మెట్లు దిగేదాకా తను నవ్వుతూనే ఉంది. తన నవ్వు వీధి చివరికి వినిపిస్తుంది. అందుకే నేను హారన్ అని పిలుస్తాను. అతను వీధి దాటాక వెళ్ళి స్నానాలగదిలో నేల మీద కూర్చుంది. గంటసేపు.

ఇప్పుడు ఐ.సి.యు. తలుపుకి కాగితం అతికించారు. తను ఉన్న ఏడో నంబరు మంచానికి ఎవరెవరిని పంపాలో అందులో ఉంది: అన్న, వదిన, తల్లి. సెక్యూరిటీ ఆయన గొంతు తగ్గించి, "పేషెంటుతో ఒకే ఇంట్లో కలిసుండే ఆవిడ ఎవరో వస్తే మాత్రం పంపొద్దన్నారమ్మా. మీరు కాదు కదా?" అన్నాడు.

కాదన్నాను.

జూన్ 5, శుక్రవారం

ఏమీ తెలియలేదు.

జూన్ 6, శనివారం

ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. లోపలికి వెళ్ళడానికి ఈ దారి ఒకటుందని నాకే తట్టలేదు.

మూడో అంతస్తుకి దుప్పట్లు పట్టుకెళ్ళేది బొంగరం. మనిషి ఒకచోట నిలవదు, అందుకే ఆ పేరు. ఆ బండి నాకు ఇచ్చి, నా వంతు పిల్లల వార్డు నువ్వు చూసుకోమని బతిమాలాను. ఎందుకని అడిగింది. పిల్లల ఏడుపు వింటే ఈ మధ్య తలనొప్పి వస్తోందన్నాను. "పిల్లలు లేనివాళ్ళకే తలనొప్పులు, నాకు ముగ్గురు, తలే లేదు" అని బండి నా వైపు తోసింది.

టోపీ, మాస్కు, నీలం గౌను. తలుపు దానంతటదే తెరుచుకుంది. సెక్యూరిటీ ఆయన నా మొహం చూడలేదు, బండిని చూశాడు.

తల మొత్తం కట్టు. ఎడమ కన్ను మీద వాపు. నోట్లో గొట్టం. జుట్టు తీసేశారు. జుట్టంటే తనకి లెక్కలేదు, మూడు నెలలకోసారి నేనే కత్తిరించేదాన్ని. అయినా అటు చూడలేకపోయాను. చేతులు మాత్రం పని మర్చిపోలేదు. సిస్టర్ తనని పక్కకి తిప్పి పట్టుకుంది, నేను పాతది చుట్టి లాగి కొత్తది పరిచాను. చేతికి చెయ్యి తగిలింది. వేడిగా ఉంది. బతికే ఉంది.

వాళ్ళన్న కిటికీ దగ్గర ఫోన్ మాట్లాడుతున్నాడు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. మాస్కు పైకి లాక్కున్నాను. దిండు మీద మరక చూపించి, "ఇది నిన్నటిది. మార్చాలని తెలియదా మీకు?" అన్నాడు.

"మారుస్తాను సార్" అన్నాను.

నాలుగు నిమిషాలు. లిఫ్టులో మాసిన బట్టల మూట మీద మొహం పెట్టుకున్నాను. మందుల వాసనే వచ్చింది. తన వాసన లేదు.

జూన్ 7, ఆదివారం

ఇవాళ నాకు సెలవు. అయినా వెళ్ళాను. ఇన్‌చార్జి ఎగాదిగా చూసి, నీకు ఇల్లూ వాకిలీ లేవా అన్నాడు.

మూడు నిమిషాలు. జ్వరం.

జూన్ 8, సోమవారం

తల్లికి తెలిసిపోయింది.

ఇవాళ వాళ్ళన్న మందులకి కిందికి వెళ్ళాడు. పెద్దావిడ ఒక్కతే స్టూలు మీద కూర్చుని కూతురి చెయ్యి నిమురుతోంది. నేను దుప్పటి కప్పి, అంచులు పరుపు కిందికి దోపి, ఎడమ పాదం ఒక్కటి బయటికి లాగి వదిలేశాను. పదకొండేళ్ళ అలవాటు. కాలు కప్పితే తనకి నిద్ర పట్టదు, చలికాలమైనా సరే. నేనేం చేశానో నేను గమనించుకోలేదు. ఆవిడ గమనించింది.

"దానికి చిన్నప్పటినుంచీ ఆ పాదం బయట ఉండాలి" అంది నెమ్మదిగా. "నీకెవరు చెప్పారు?"

సిస్టర్లు చెప్పారనొచ్చు. అబద్ధాలు నాకు కొత్తా? ఒక్కటీ నోటికి రాలేదు. దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ నన్ను కాళ్ళ దగ్గర్నుంచి టోపీ దాకా చూసింది. ఆ చూపులో ప్రేమేం లేదు. పోయిన వస్తువు ఎవరి చేతిలోనో చూసినట్టు చూసింది.

"నువ్వేనా?"

తల ఊపాను.

ఆవిడ మళ్ళీ కూతురి చెయ్యి తీసుకుంది. నావైపు చూడకుండా, "ఇది నా గురించి ఎప్పుడైనా ఏమైనా అనేదా?" అంది.

"రోజూ అనేదమ్మా" అన్నాను.

నిజానికి ఎనిమిదేళ్ళలో ఒక్కసారే అంది. అదీ జ్వరంలో.

ఆవిడ నమ్మలేదనుకుంటాను. అయినా తల ఊపింది. లిఫ్టు చప్పుడైతే, వాడొస్తున్నాడు వెళ్ళమంది. కొడుక్కి చెప్తుందో చెప్పదో తెలియదు. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

జూన్ 9, మంగళవారం

చెప్పలేదు.

కాని సాయంత్రం ఇంటికొచ్చేసరికి, మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ మెట్ల మీదే కాసుకుని ఉంది. పగలు ఎవరో వచ్చి మా గురించి అడిగారట. మీసాలాయన, చేతిలో తాళాలగుత్తి తిప్పుతూ. ఇంకెవరు, వాళ్ళన్నే. ఆయన చెప్పింది విని ఇంటావిడకి ఒళ్ళంతా చీమలు పాకినట్టయిందట. "అక్కాచెల్లెళ్ళని చెప్పారు కదమ్మా. ఆరేళ్ళ నుంచి మీకు నీళ్ళ బిందె కూడా ఎత్తిచ్చాను" అంది. అదేదో పెద్ద మోసమైనట్టు.

ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమంది. మనిషి ఐ.సి.యు.లో ఉందండీ అన్నాను. "అయ్యో, దానికి నేనూ బాధపడుతున్నాను. ఆ మాట వేరు, ఈ మాట వేరు" అంది.

జూన్ 10, బుధవారం

పొద్దున్న మేం పనిచేసే లినెన్ రూములోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. పన్నెండేళ్ళలో ఆ గది మూగబోవడం నేను చూడలేదు. ఆవిరి మిషన్లు తప్ప ఏమీ మోగట్లేదు. ఎవరు చెప్పారో తెలియదు. తనతో పనిచేసే కండక్టరు చుట్టం ఒకావిడ ఇక్కడ వంటగదిలో ఉంది. పుకారుకి లిఫ్టు అక్కర్లేదు.

మధ్యాహ్నం నా డబ్బా తెచ్చుకుని ఎప్పటిలాగే బల్ల దగ్గర కూర్చున్నాను. నా ఎదురుగా ఉన్నవాళ్ళు కాస్త జరిగారు. ఇంకాస్త. ఎవరూ లేచిపోలేదు, అంత మొరటువాళ్ళు కారు. బల్ల మీద చోటు మాత్రం పెరిగింది.

ఇస్త్రీ బాబాయి, నేను చేరిన మొదటి రోజు నుంచి నన్ను 'అమ్మడూ' అని పిలిచిన మనిషి. నా చెయ్యి కాలితే తన బాటిల్ నీళ్ళు పోసినవాడు. మిషను మూత దించుతూ గట్టిగా అన్నాడు:

"ఏమ్మా, మీ ఆయనకి ఎలా ఉందీ? గేరు పడుతోందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నేనూ నవ్వాను. అక్కడ గొట్టాలతో తను ఊపిరి తీస్తోంది, ఇక్కడ తన మీద వేసిన జోకుకి నేను నవ్వాను. ఇది తనకి ఎలా చెప్పను? లేస్తే మొదట ఇదే చెప్పాలి. చెప్పను. చెప్తాను.

జూన్ 11, గురువారం

రాయను.

జూన్ 12, శుక్రవారం

మెదడులో మళ్ళీ రక్తం చేరుతోందట. రెండో ఆపరేషన్ చెయ్యాలి, రేపు దాటితే కష్టమంది డాక్టరమ్మ. పెద్దావిడే చెప్పింది, నేను దుప్పటి మారుస్తుంటే, గోడతో చెప్పినట్టు.

వాళ్ళన్న ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు. అంబులెన్సులో తమ ఊరికి తీసుకుపోతాడట. అక్కడ తెలిసిన డాక్టర్ ఉన్నాడట. దారిలో ప్రాణం పోవచ్చని డాక్టరమ్మ అంటే, మా పూచీ మీద తీసుకుపోతున్నామని రాసిస్తానన్నాడట. రేపు పదింటికి బండి వస్తుంది.

ఎందుకమ్మా అని అడిగాను.

"ఇక్కడుంటే ఎప్పటికైనా నువ్వు దీని దగ్గరికి వచ్చేస్తావని. ఉంటే ఊళ్ళో ఉంటుంది, పోతే ఊళ్ళో పోతుంది అంటున్నాడు."

మీరేమన్నారని అడిగాను. "నన్నెవరు అడిగారు" అంది. "వాళ్ళ నాన్న పోయాక ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ అడగలేదు."

పని దిగాక ఇంటికి వెళ్ళలేదు. ఐదో అంతస్తు పైన, డాబా మీద, మిషను పాడైన రోజుల్లో దుప్పట్లు ఆరేస్తాం. అక్కడికి ఎక్కాను. ఎండ ఇంకా ఉంది. వంద దుప్పట్ల మధ్య నిలబడితే ఎవరికీ కనపడం. పిట్టగోడ నడుము దాకా కూడా రాదు. కింద కార్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. తను పోతే నాకు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. ఏ రోజు పోయిందో కూడా తెలియదు. చూడటానికి వెళ్ళే హక్కు లేదు. తెలియకుండానే నేను ఇక్కడ గౌన్లు వేరుచేస్తూ ఉంటాను.

ఎంతసేపున్నానో. పెద్ద సిస్టర్ దుప్పటి పక్కకి తీసి చూసింది. ఐ.సి.యు.లో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్న మనిషి, నవ్వగా ఎవరూ చూడలేదు. పిట్టగోడని చూసింది, నన్ను చూసింది. చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగి, "ఏడో నంబరు ఒక్కదానికే రోజూ రెండుసార్లు దుప్పటి మారుతుంటే నాకు తెలియదనుకున్నావా?" అంది. "రేపు తొమ్మిదిన్నరకి బండి తీసుకురా. మిగతాది నీ నోట్లో నాలుక ఉంటే నువ్వే చూసుకో."

చెయ్యి మెట్లు దిగేదాకా వదల్లేదు.

జూన్ 13, శనివారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. రేపటికి మార్చేసుకుంటాను, నన్ను నేను ఎరుగుదును.

తొమ్మిదిన్నరకి వెళ్ళాను. మంచం పక్కన డాక్టరమ్మ, వాళ్ళన్న, వదిన. పెద్దావిడ స్టూలు మీద. పెద్ద సిస్టర్ మందుల బల్ల దగ్గర ఏదో సర్దుతున్నట్టు. వాళ్ళన్న చేతిలో కాగితం, కలం. డాక్టరమ్మ చివరిసారిగా చెప్తున్నాను అంటోంది. అతను, రిస్కు మాదే కదండీ అంటున్నాడు.

"కదిలిస్తే బతకదని ఆవిడ చెప్తున్నారు కదా సార్" అన్నాను.

అతను నావైపు చూడనే లేదు. "నీ పని నువ్వు చూసుకోమ్మా."

టోపీ తీశాను. మాస్కు తీశాను. మాస్కు దారం చెవికి చిక్కుకుని ఊడలేదు, లాగితే తెగింది. అతను అప్పుడు చూశాడు. ఎనిమిదేళ్ళ కింద గుమ్మంలో చూసిన మొహం గుర్తురావడానికి కాస్త టైం పట్టింది.

"నువ్వా?" అన్నాడు. తర్వాత దుప్పటి బండి వైపు చూశాడు. "ఇన్ని రోజులూ నువ్వేనా?"

"నేనే. నేను తన మనిషిని."

ఇంకేదో అనాలని రాత్రంతా అనుకున్నాను. పెద్ద పెద్ద మాటలు. అవేవీ రాలేదు.

సెక్యూరిటీని పిలవమన్నాడు. పెద్ద సిస్టర్, ఆవిడ మా స్టాఫ్ అండీ, పిలిచినా ఏం చెప్పను అంది, తల ఎత్తకుండానే. డాక్టరమ్మ నావైపు తిరిగి, మీరు పేషెంటుతో ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారని అడిగింది. పదకొండేళ్ళు అన్నాను. పేషెంటుకి ఏ మందూ పడకపోవడం లాంటిదేం లేదని వీళ్ళు రాశారు, నిజమేనా అంది. కాదన్నాను. మూడేళ్ళ కింద పంటి నొప్పికి చేసిన ఇంజెక్షన్‌కి ఒళ్ళంతా ఉబ్బి ఊపిరాడలేదు. ఆ మందు పేరు రాసిన చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది. తీసి ఇచ్చాను. డాక్టరమ్మ చదివి, కేసు కాగితం మీద ఎర్రసిరాతో రాసుకుంది.

"ఇది ముందే తెలియాల్సింది" అంది. అతన్ని చూసి అంది.

అతను ఆ మాట పట్టించుకోలేదు. వీళ్ళ వల్ల మేం ఊళ్ళో తలెత్తుకోలేకపోయాం, ఇంకా చాలదా, బతికున్నన్నాళ్ళూ పరువు తీసింది, ఇప్పుడైనా మా చేతుల్లో ఉండనివ్వండి అని డాక్టరమ్మతో గట్టిగా చెప్తున్నాడు. గొంతు జీరబోయింది. అతను ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది. అది నాకు నచ్చలేదు. అతను ఏడవకుండా ఉంటే ద్వేషించడం తేలిక.

పెద్దావిడ లేచింది. మంచం కమ్మీ పట్టుకుని లేచింది.

"నా సంతకం పనికొస్తుందా డాక్టరుగారూ?"

"అమ్మా, నువ్వు మధ్యలోకి రాకు" అన్నాడు.

"దాన్ని కన్నది నేనురా. మధ్యలోకి వచ్చింది నువ్వు."

"ఊళ్ళో ఏమని చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పు. ఊరొచ్చి దీని తల కుట్టదు."

తల్లి సంతకం చెల్లుతుందని డాక్టరమ్మ చెప్పింది. పెద్ద సిస్టర్ కాగితం అట్ట మీద పెట్టి ఇచ్చింది. ఆవిడ ఒక్కో అక్షరం పేర్చుకుంటూ రాసింది. మధ్యలో ఆగి, నావైపు చూసి, "ఇందులో దీని పుట్టినరోజు తేదీ రాయాలట. నెల గుర్తుంది, తేదీ సరిగ్గా..." అంది. చెప్పాను. రాసుకుంది.

పదకొండున్నరకి తీసుకెళ్ళారు. నాలుగింటికి బయటికి తెచ్చారు. గుండె కొట్టుకుంటోంది, అంతకన్నా ఇప్పుడేమీ చెప్పలేమన్నారు.

నేను నవ్వానని తనకి చెప్పాలి.

జూన్ 14, ఆదివారం

ఇన్‌చార్జి మెమో ఇచ్చాడు. అనుమతి లేకుండా వార్డు మారినందుకు. రేపటినుంచి కింద మాసిన బట్టల దగ్గరే, పై అంతస్తులకి వెళ్ళకూడదు. న్యాయమే. తలొంచుకుని తీసుకున్నాను.

జూన్ 15, సోమవారం

పదింటికి బొంగరం దుప్పట్ల బండితో నా ముందుకొచ్చి ఆగింది. ఆగడమే వింత. "నాకు మోకాలు పట్టేసింది" అంది. ఏ మోకాలని అడిగితే, ఏదైతేనేం అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు ఈ సంగతులు అర్థం కావు. అర్థం కాకపోయినా శనివారం ఐ.సి.యు. తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నాను. నా మొగుడు నా పుట్టినరోజు ఒక్కసారి సరిగ్గా చెప్పినా నేను ఏడ్చేదాన్ని" అంది.

ఇన్‌చార్జి నేను బండితో వెళ్ళేది చూశాడు. ఫోన్ చెవికి పెట్టుకుని అటు తిరిగాడు.

ఇస్త్రీ బాబాయి మాట్లాడలేదు. మాట్లాడతాడనీ అనుకోను.

జూన్ 17, బుధవారం

కళ్ళు తెరిచింది.

గొట్టం తీసేశారు. కుడి చెయ్యి, కుడి కాలు లేవట్లేదు. నేను మొహం దగ్గరికి వంగాను, మాస్కు లేకుండా. నన్ను చూసింది. చాలాసేపు చూసింది. గొంతు గీసుకుపోయినట్టు, "సిస్టర్, నీళ్ళు" అంది.

పట్టాను.

జూన్ 18, గురువారం

ఇవాళా సిస్టరే.

డాక్టరమ్మ చెప్పింది: మాటలు కొన్ని తిరిగొస్తాయి, కొన్ని రావు. మనుషులు కూడా అంతే. బస్సు మాత్రం ఇక తోలలేదు.

వాళ్ళన్న ఊరెళ్ళిపోయాడు. నీకు కొడుకు కావాలో అది కావాలో తేల్చుకో అన్నాడట తల్లితో. ఆవిడ ఏం తేల్చుకుందో చెప్పలేదు. స్టూలు మీద అలాగే కూర్చుని ఉంది. వెళ్ళే ముందు అతను గాజు తలుపులోంచి చెల్లెల్ని చూస్తూ నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

జూన్ 20, శనివారం

దుప్పటి మార్చి వచ్చేస్తుంటే ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు. నేనే కదల్లేదు.

"స్టాపు" అంది.

ఏం కావాలని అడిగాను. మళ్ళీ "స్టాపు, స్టాపు" అంది. ఆ మాట కాదని తనకీ తెలుస్తోంది, విసుగొచ్చి తల అటూ ఇటూ తిప్పింది. ఆగమందో, వెళ్ళొద్దందో, ఇంకేదో పేరు వెతుకుతుంటే ఇదే చేతికి తగిలిందో. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మొహం తుడిచాను. "వెతుక్కో, తొందరేం లేదు. నేనిక్కడే ఉంటాను" అన్నాను.

నన్ను సిస్టర్ అని పిలవలేదు. ఇవాళ ఒక్కసారి కూడా అనలేదు. దీని మీద మేడలు కట్టకూడదు.

నేను నవ్విన సంగతి చెప్పాను. ఏం అర్థమైందో తెలియదు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

జూన్ 21, ఆదివారం

కొడుకు వెళ్ళినప్పటినుంచి పెద్దావిడ మూడు రోజులుగా వరండా బెంచీ మీదే పడుకుంటోందని ఇవాళ పెద్ద సిస్టర్ చెప్తేగాని నాకు తెలియలేదు. రోజూ చూస్తున్నాను, ఒక్కసారైనా అడగలేదు. సిగ్గేసింది. మధ్యాహ్నం దగ్గరికి వెళ్ళి, ఇంటికొచ్చి స్నానం చేసి కాసేపు పడుకోండమ్మా అన్నాను. రానంటుందనుకున్నాను. సంచి తీసుకుని లేచింది.

దారంతా మాట్లాడలేదు. మా మెట్ల దగ్గర ఇంటావిడ ఎదురుపడింది. ఈవిడ ఎవరు అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపే పెద్దావిడ, "వీళ్ళమ్మని" అంది.

ఇంటావిడ మొహం వెలిగింది. "అయితే నిజంగా అక్కాచెల్లెళ్ళేనా?"

"కాదు" అంది పెద్దావిడ. కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది.

నెలాఖరు మాటలో మార్పేమీ లేదు. ఇల్లు వెతకాలి. మెట్లు లేని ఇల్లు, చక్రాల కుర్చీ తిరిగే ఇల్లు. మా ఇద్దరికీ కాదు, ముగ్గురికేమో. అడగాలంటే భయంగా ఉంది.

స్నానం చేసి వచ్చి గదిలో నిలబడింది. మాకున్నది రెండే గదులు, ఒకటే మంచం. ఆవిడ మంచాన్ని చూసింది. పక్కపక్కనే ఉన్న రెండు దిండ్లని చూసింది. నేల మీద పక్క వేస్తానన్నాను, మంచం మీద కొత్త దుప్పటి పరుస్తానన్నాను, ఏదేదో అన్నాను.

"ఇందులో దాని వైపు ఏది?"

కిటికీ వైపు చూపించాను.

ఆవిడ వెళ్ళి ఆ వైపు పడుకుంది, కిటికీకి మొహం పెట్టి. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఇటు తిరగకుండానే, "నాలుగింటికి మళ్ళీ వెళ్ళాలి. నువ్వూ కాసేపు నడుం వాల్చు" అంది.

నా వైపు నేను పడుకున్నాను. వెల్లకిలా, చేతులు దగ్గరికి లాక్కుని. మా మధ్య మూరెడు చోటు. కాసేపటికి ఆవిడ ఊపిరి బరువెక్కింది, నిద్రపోయింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మంచం కదిలితే ఆవిడ లేస్తుందని పంటి బిగువున ఆపుకుని, నాలుగయ్యేదాకా అలాగే కదలకుండా ఉన్నాను.